టెంకాయ చిప్ప పట్టిన పండితుడు: ఒంటిమిట్ట వాసుదాస స్వామి కథ

ఈ వారం వీడియోలో ఒంటిమిట్ట కోదండరామాలయం చూపించాం కదా. అందులో వాసుదాస స్వామి గురించి రెండు నిమిషాలే చెప్పగలిగాను. ఆయన జీవితం రెండు నిమిషాల్లో తేలేది కాదు. అందుకే ఈ పోస్ట్.

ముందు ఒక ప్రశ్న. మీ అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితి చందా మీ చేతికి ఇచ్చారనుకోండి. మీరే తిరిగారు, మీరే కొన్నారు, మీ పెట్రోల్ ఖర్చయింది. చివర్లో నాలుగు వందలు మిగిలాయి. ఎవరూ అడగరు. ఇంత కష్టపడ్డాం కదా, ఇది మనదే అనుకోవచ్చా? దొంగతనం చేయాలనే ఆలోచన మనలో చాలామందికి రాదు. కానీ ఈ నాలుగు వందల ఆలోచన మాత్రం అందరికీ వస్తుంది. వాసుదాస స్వామి కథ సరిగ్గా ఈ చోటికే వస్తుంది.

కచేరీ ఉద్యోగి నుంచి కాలేజీ పండితుడి దాకా

ఆయన అసలు పేరు వావిలికొలను సుబ్బారావు. 1863లో కడప జిల్లాలో పుట్టారు. 1876లో వచ్చిన ధాత కరువు గురించి మన సీమలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి పదమూడేళ్ళు. గింజ దొరక్క ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయిన కాలం అది. చేయి చాచడం అంటే ఏంటో ఆ తరం పిల్లలకి ఒకరు చెప్పక్కర్లేదు.

చదువుకుని రెవెన్యూ శాఖలో చేరారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశారు. వానాధారం నేలల్లో ఆ ఉద్యోగి మాటకు ఎంత విలువో ఆలోచించండి. పంట ఎండిందని రాస్తే రైతుకు శిస్తులో కొంత ఊరట, రాయకపోతే లేదు. ఆ తర్వాత ఆయన ఆ దారి వదిలి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులయ్యారు. ఆ రోజుల్లో తెలుగు చదువుకున్నవాడికి అంతకంటే గౌరవమైన కుర్చీ అరుదు.

ఆయన ఒక పెద్ద పని కూడా తలపెట్టారు. మన భాషలో అప్పటికే రామాయణాలు చాలా ఉన్నాయి, కానీ చాలామంది కవులు మూలాన్ని తగ్గించో పెంచో రాశారు. ఈయన మాత్రం వాల్మీకి చెప్పింది చెప్పినట్టు తెలుగు పద్యాల్లోకి తేవాలనుకున్నారు. మూలంలాగే ఇరవై నాలుగు వేల పద్యాలు. అందుకే లోకం ఆయన్ని ఆంధ్ర వాల్మీకి అంది. తర్వాత మందరం అనే పేరుతో పెద్ద వ్యాఖ్యానం కూడా రాశారు. ఇప్పటికీ దాన్ని పారాయణ గ్రంథంగా పెట్టుకుని చదివే ఇళ్ళు ఉన్నాయి.

పాడుబడిన గుడి

కడప నుంచి రాజంపేట దారిలో పాతిక కిలోమీటర్లు వెళ్తే ఒంటిమిట్ట. అక్కడ సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు మనసు మారి ఈ గుడి కోసం పూనుకున్నారని, వాళ్ళ పేర్ల మీదే ఊరి పేరు వచ్చిందని స్థలపురాణం. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఈ గోపురం చూసి మెచ్చుకున్నాడు.

కానీ సుబ్బారావు గారి కాలానికి ఆ వైభవం లేదు. గుడి శిథిలమవుతోంది, నిత్య కైంకర్యాలకే ఇబ్బంది. రాముడి కథని ఇరవై నాలుగు వేల పద్యాల్లో రాసిన మనిషి, సొంత జిల్లాలో ఆ రాముడి ఇల్లు కూలుతుంటే చూస్తున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆయన ఏం చేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. నా వంతు నేను పుస్తకం రాశాను అనుకోవచ్చు. జమీందార్లకి ఉత్తరాలు రాయొచ్చు. ఏటా కొంత చందా పంపి ఊరుకోవచ్చు. ఇవేవీ స్వార్థం కావు, మంచి పనులే. కానీ ఆయన తనని తాను అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. సన్యాసిలా బతుకుతూ, వాసుదాసు అనే పేరుతో, చేతిలో ఒక టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా భిక్షకి బయల్దేరారు.

ఎందుకు చిప్పే?

మా కడప వైపు కొబ్బరికాయ అనం, టెంకాయ అంటాం. దేవుడి ముందు కొడతాం, కొబ్బరి తింటాం, చిప్ప పారేస్తాం. అందరూ పారేసేదాన్ని ఈ పండితుడు చేతిలోకి తీసుకున్నారు. దాని మీద టెంకాయ చిప్ప శతకం అని ఒక శతకమే రాశారు.

నాకు అర్థమైనంతలో ఆ చిప్పలో మూడు విషయాలు ఉన్నాయి. ఒకటి, దానికి మూత లేదు. ఎంత పడిందో వేసినవాడికీ కనిపిస్తుంది, పక్కవాడికీ కనిపిస్తుంది. రెండు, అది చిన్నది. కాసేపట్లో నిండిపోతుంది. దాచుకునేందుకు పనికిరాదు, తీసుకెళ్ళి అసలు చోట చేర్చాల్సిందే. మూడు, దాన్ని పట్టుకున్నాక గొప్పలు చెప్పుకోవడం కుదరదు. కాలేజీ పండితుడైనా, ఆంధ్ర వాల్మీకి అయినా, చిప్ప చేతిలో ఉంటే అడుక్కునేవాడే.

అలా ఒక్కో కానీ, ఒక్కో అణా కూడి లక్షల రూపాయలయ్యాయని చెప్తారు. ఆ డబ్బుతో గుడి జీర్ణోద్ధరణ జరిగింది, స్వామికి నగలు వచ్చాయి. రాముడి ఒంటి మీదకి బంగారం చేరింది, తెచ్చినవాడి చేతిలో మాత్రం ఆ చిప్పే మిగిలింది. 1936లో ఆయన పరమపదించారు.

మరి మన సంగతి?

నేను ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక సందేహం వస్తుంది. అంటే ఉద్యోగం వదిలేయాలా, జీతం గురించి ఆలోచించడం పాపమా? కాదండీ. ఆయన కూడా ఏళ్ళ తరబడి ఉద్యోగం చేశారు, జీతం తీసుకున్నారు, సంసారం నడిపారు. మన కష్టానికి వచ్చింది మనది, అది ధర్మమే. సమస్య ఎక్కడంటే, ఒక పని కోసం మన చేతికి వచ్చిన డబ్బునీ అధికారాన్నీ నెమ్మదిగా మన సొంతం అనుకోవడంలో. ఆఫీసు టూర్ బిల్లులో కలిపే రెండు వందలు కావచ్చు. తెలిసినవాడి ఫైల్ ముందుకు జరపడం కావచ్చు. స్నేహితుల ట్రిప్‌లో లెక్క చెప్పకుండా సర్దేసుకోవడం కావచ్చు. నేను కష్టపడ్డాను కదా అనే మాట ప్రతిసారీ మనసులో సాక్షిగా వచ్చి నిలబడుతుంది. కష్టం నిజమే, కానీ ఆ డబ్బు ఇచ్చినవాళ్ళు దాన్ని మన కష్టానికి ఇవ్వలేదు.

అందుకని ఒక చిన్న పని చేద్దాం. ఈసారి నలుగురి డబ్బు మన చేతికి వస్తే, ఎవరూ అడగకముందే లెక్క రాసి గ్రూప్‌లో పెట్టేద్దాం. మిగిలింది తిరిగి ఇచ్చేద్దాం, లేదా దేనికి వాడాలో వాళ్ళనే అడుగుదాం. మూత లేని చిప్ప అంటే అంతే.

ఇప్పుడు ఒంటిమిట్ట గుడి తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహణలో ఉంది. శ్రీరామనవమి ఉత్సవాల్లో రాత్రి వెన్నెల్లో జరిగే కల్యాణాన్ని ఇప్పుడు టీవీలో లక్షలమంది చూస్తున్నారు. ఈసారి మీరు చూసేటప్పుడు స్వామి నగలతో పాటు ఆ టెంకాయ చిప్పని కూడా ఒక్కసారి తలుచుకోండి.

వచ్చే వారం మరో మహానుభావుడి కథతో కలుద్దాం. జై శ్రీరామ్.