జట్టును కూర్చిన ఉపాధ్యాయుడు

ఆటల జట్టును నడుపువారికి ఎదురగు చిక్కులలో గడ్డుది వయస్సును గూర్చినది. ఏండ్ల తరబడి ఆడి పేరు తెచ్చినవారిని వదలుకొనుటకు మనసొప్పదు. వారినే నమ్ముకొని కూర్చున్నచో ఒకనాడు జట్టంతయు ఒక్కసారిగా చతికిలబడును. అట్లని అందరిని క్రొత్తవారినే చేర్చినచో, కాళ్ళలో వేగముండును గాని, ఆపద వచ్చినపుడు నిలద్రొక్కుకొను నేర్పు ఉండదు. ఈ రెంటి నడుమ త్రాసు ముల్లును నిలుపగలిగినవారు మన దేశమున బహు కొలదిమంది. వారిలో అగ్రగణ్యుడు హైదరాబాదు నగరవాసి సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన వృత్తిచే బడి పంతులు.

రహీమ్ గారు 1909 ఆగస్టు 17వ తేదీన జన్మించిరి. పట్టభద్రులై కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలులలో ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, విద్యార్థుల ఆటల బాధ్యతను వహించిరి. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై కడవరకు ఆ పదవిలో నుండిరి.

మొక్కై వంగనిది మానై వంగునా అను సామెతలోని సత్యమును ఆయన ఆటస్థలమున ఆచరించి చూపిరి. బాలురకై ఆయన పెట్టిన పోటీలు చూచువారికి వింతగా తోచెడివి. ఒకదానిలో బంతిని వాటములేని కాలితోనే తన్నవలెను. మరొకదానిలో బంతిని తనవద్దనే ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తరాదు. వెంటనే తోడివానికి అందింపవలెను. ఇట్టి శిక్షణలో పెరిగిన బాలుడు పెద్దల జట్టున చేరిననాడు తడబడడు. ఇద్దరి ఆటయు ఒకే బడిలో నేర్చినదగుటచే ఇరువదేండ్లవాడును ముప్పదేండ్లవాడును ఒకరినొకరు సులభముగా అర్థము చేసికొందురు. పాత క్రొత్తల మేలు కలయికకు రహీమ్ గారు వేసిన పునాది ఇదియే.

ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలిచెను. 1956, 1957 సంవత్సరములలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని సాధించెను. 1956 నాటి విజయమున పాల్గొన్నవారిలో తులసీదాస్ బలరాం అను యువకుడు కలడు. సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టిన ఇతనిని రహీమ్ గారు గుర్తించి, ప్రయాణపు ఖర్చునకు సైతము సాయపడి, ఆటకు రప్పించిరి.

దేశపు జట్టునకు శిక్షకులైన తొలినాళ్ళలోనే రహీమ్ గారు తీపిని చేదును రెంటిని చవిచూచిరి. 1951లో ఢిల్లీలో జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో శైలెన్ మన్నా నాయకత్వమున భారత జట్టు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణపతకము నందెను. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోరముగా ఓడెను. ఆ చలి దేశమున మనవారిలో పలువురు వట్టి కాళ్ళతోనే ఆడిరి. ఆ పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను.

అట్టి పరాభవము తరువాత పాతవారినందరిని తుడిచివేయుట సులభము. లోకమును మెచ్చును. రహీమ్ గారు ఆ పని చేయలేదు. 1956లో మెల్‌బోర్న్‌కు పోయిన జట్టులో హెల్సింకీ ఓటమిని అనుభవించిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఉండిరి. వారి సరసన ఇరువదేండ్ల ప్రదీప్ కుమార్ బెనర్జీ, బలరాంలు నిలిచిరి. ఓటమి నేర్పిన పాఠము పెద్దలవద్ద ఉండెను. దానిని ఆచరణలో పెట్టు వేగము పిన్నలవద్ద ఉండెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేయగా భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశమను కీర్తి గడించెను. చివరకు నాలుగవ స్థానము దక్కెను.

నాలుగేండ్లు గడచెను. 1960లో రోమునకు పోయిన జట్టునకు నాయకుడు మెల్‌బోర్న్‌లో పిన్నవాడుగా ఉండిన బెనర్జీయే. ఫ్రాన్సుతో పందెము 1-1తో సమమయ్యెను. మన గోలు అతనిదే. బలమైన హంగరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడితిమి. అందు మన గోలు బలరామునిది. తరువాతి దశకు పోలేకపోయినను, చూనీ గోస్వామి, జర్నైల్ సింగు వంటివారు అక్కడ రాటుదేలిరి.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్ గారి ఆరోగ్యము క్షీణించి యుండెను. జట్టు నాయకుడు ఇరువదినాలుగేండ్ల గోస్వామి. అంతకుముందు నాయకుడైన బెనర్జీ తనకంటె చిన్నవాని క్రింద ఆడెను. బెనర్జీ, బలరాం, గోల్‌కీపరు తంగరాజులు ఇపుడు పెద్దల వరుసకు చేరిరి. ఇరువదియొక్క యేండ్ల అరుణ్ ఘోష్ పిన్నవాడయ్యెను. తొలి పందెమున దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి కలిగెను. థాయిలాండుపై గెలిచిన పందెమున వెనుక వరుసకు వెన్నెముకయైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను.

అనుభవజ్ఞుని కూర్చుండబెట్టుటయా, ప్రమాదమునకు ఒడ్డుటయా? రహీమ్ గారు మూడవ దారి నెన్నుకొనిరి. వెనుక వరుస కాపుదలలో ఘోష్ వంటి యువకునిపై భారముంచి, జర్నైల్ సింగును ముందు వరుసకు పంపిరి. దక్షిణ వియత్నాంపై సెమీఫైనలులో అతడు గోలు చేసెను. 3-2తో గెలుపు మనదయ్యెను.

సెప్టెంబరు 4వ తేదీన అంతిమ పోటీలో మరల దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశము నిరాకరించుటను భారత ప్రతినిధి గురుదత్ సోంధీ ఆక్షేపించినందున ప్రేక్షకులు మనవారిపై ఆగ్రహముతో ఉండిరి. ఆ కోలాహలము నడుమ బెనర్జీ మొదటి గోలును, జర్నైల్ సింగు రెండవ గోలును చేసిరి. 2-1తో స్వర్ణపతకము మన దేశమునకు దక్కెను.

తరువాత ఏడాదియైనను గడువక మునుపే, 1963 జూన్ 11వ తేదీన, ఊపిరితిత్తుల క్యాన్సరుచే రహీమ్ గారు కన్నుమూసిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశమునకు మరల స్వర్ణము రాలేదు. 1960 తరువాత ఒలింపిక్సునకు మన జట్టు అర్హతయు పొందలేదు. ప్రతి ఆటగానికి వెనుక మరియొకని సిద్ధపరచిన ఆ గురువు స్థానమున నిలుచుటకు మాత్రము మరియొకడు సిద్ధముగా లేకపోయెను. బెనర్జీ, ఘోష్ తరువాతి కాలమున తామును శిక్షకులై, నేర్చినదానిని తమ తరువాతివారికి నేర్పిరి. తరగతి నుండి తరగతికి పిల్లలు సాగిపోవుచుందురు. నేటి చిన్న తరగతివాడే రేపటి పెద్ద తరగతివాడు. ప్రతి ఉపాధ్యాయుడును ఎరిగిన ఈ మాటను రహీమ్ గారు ఆటస్థలమునకు కొనిపోయిరి. పెద్దవానిని గౌరవముతో నిలుపుట, చిన్నవానిని నమ్మకముతో నిలబెట్టుట, ఈ రెండును ఆయనకు ఒకే పాఠము.