తెల్లని ఆకాశం – రాజా దీన్‌దయాళ్

సూర్యాపేటకు ఆమడ దూరమైనా లేని పిల్లలమర్రికి విహారయాత్ర వెళ్ళిన విద్యార్థులు తీసుకొని వచ్చే ఫొటోలలో ఒక లోపం తరచుగా కనబడుతుంది. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన ఆ శివాలయాల నల్లరాతి స్తంభాలు చక్కగానే వస్తాయి. వాటి మీది ఆకాశం మాత్రం సున్నం కొట్టిన గోడవలె తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఆకాశం సరిగా వచ్చిన చిత్రంలో గుడి బొగ్గుముద్దవలె నల్లబడుతుంది. మిర్యాలగూడ ప్రాంతపు వాడపల్లిలో కృష్ణా మూసీల సంగమం చూచి వచ్చినవారికీ, కోదాడ వైపు సాగర్ కాలువ గట్టు మీద నిలిచి వరిచేలను తీసినవారికీ ఇదే చిక్కు.

చిక్కు క్రొత్తది కాదు. ఈ మూడు ఊళ్ళూ నిజాం రాజ్యంలో ఉన్న రోజులలో, ఆ రాజ్యపు ఆస్థాన ఛాయాగ్రాహకుడు ముప్పది ఏండ్లపాటు ఈ తెల్లని ఆకాశంతోనే కాపురం చేసినారు. ఆయనే రాజా లాలా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ మన ప్రాంతంవారు కారు. 1844 లో మీరట్ సమీపాన ఉన్న సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించినారు. రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1866 లో ఇందూరులో ప్రభుత్వ మరామతు శాఖలో నక్షాలు గీచే ఉద్యోగంలో చేరినారు. ఆయన చేతికి ముందు వచ్చినవి స్కేలు, పెన్సిలు. కెమెరా తరువాత వచ్చినది. ఒక కట్టడాన్ని చూడగానే దాని ఎత్తు, వెడల్పు, నీడ పడే కోణం లెక్కగట్టడం ఆయన వృత్తి. 1874 ప్రాంతంలో ఫొటోగ్రఫీ నేర్చుకోవడం ప్రారంభించినప్పుడు ఆ లెక్కనే కెమెరాకు మార్చుకున్నారని ఆయన చిత్రాలను చూచినవారికి తోస్తుంది. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరూ, అక్కడి ఆంగ్ల ప్రతినిధి సర్ హెన్రీ డేలీ దొరా ఆయనను ప్రోత్సహించినారు.

ఆ రోజులలో ఫొటో తీయడం ఎంత పనియో నేటి విద్యార్థులు ఊహించడం కష్టం. అద్దపు పలక మీద కలోడియన్ అనే జిగురు పోసి, సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే చిత్రం తీయవలెను, ఆరకముందే కడుగవలెను. చీకటి గుడారం, మందుసీసాలు, నీళ్ళు, అన్నీ బండ్ల మీద వెంట మోసుకొని పోవలసినదే. వెలుతురును కొలిచే యంత్రం లేదు. లెన్సు మూత చేతితో తీసి, మనసులో లెక్కబెట్టి, తిరిగి మూయవలెను.

ఇంతకంటె పెద్ద కష్టం ఆ పలక స్వభావంలోనే ఉన్నది. అది నీలి కాంతికీ, ఊదా కాంతికీ మాత్రమే చురుకుగా స్పందించేది. చెట్ల పచ్చదనం, ఎర్రమట్టి, పసుపురాయి దానికి దాదాపు చీకటితో సమానం. నేల మీది వస్తువులు పలక మీద పడేందుకు చాలినంతసేపు మూత తెరచి ఉంచితే, ఈలోగా నీలాకాశం నెగటివులో పూర్తిగా నల్లబడిపోయేది. అచ్చు వేసినప్పుడు అదే తెల్లని కాగితంగా మిగిలేది. మబ్బుకూ ఆకాశానికీ భేదం పోయేది. 1873 లోనే జర్మనీలో హెర్మన్ ఫోగెల్ అనే శాస్త్రజ్ఞుడు, పలకకు కొన్ని రంగులు కలిపితే పచ్చని కాంతిని కూడా గ్రహిస్తుందని కనుగొన్నాడు గాని, ఆ ఫలితం మార్కెట్టుకు రావడానికి కాలం పట్టినది.

దీనికి కొందరు ఉపాయాలు పన్నినారు. ఫ్రాన్సులో గుస్తావ్ లెగ్రే 1850 ల నడుమ సముద్రాన్ని ఒక నెగటివు మీద, మేఘాలను వేరొక నెగటివు మీద తీసి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేసి లోకాన్ని ఆశ్చర్యపరచినాడు. దక్షిణ దేశంలో గుళ్ళను ఫొటోలు తీసిన లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి తన కాగితపు నెగటివుల మీద కుంచెతో మబ్బులు దిద్దినాడు. మరికొందరు మేఘాల నెగటివులు కొన్ని దాచుకొని, ఏ ఊరి దృశ్యానికైనా వాటినే అతికేవారు. సూర్యుడు ఒక ప్రక్కన, మబ్బు మీది వెలుగు మరొక ప్రక్కన ఉన్న చిత్రాలు అందువల్లనే పుట్టినవి!

దీన్‌దయాళ్ తీసిన కట్టడాల చిత్రాలలో నేను చూచినంతవరకు ఆకాశం ఖాళీగానే ఉన్నది. సర్ లెపెల్ గ్రిఫిన్ దొరతో కలిసి 1882–83 లో బుందేల్‌ఖండ్ తిరిగి తీసిన చిత్రాలు 1886 లో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడాల గ్రంథంలో వెలువడినవి. గ్వాలియరు కోట, సాంచీ స్తూపం అందులోనివే. మొదటిసారి చూచినప్పుడు ఆ పాలిపోయిన ఆకాశాన్ని నేనూ లోపమనే అనుకున్నాను. కొంత సేపు చూచిన తరువాత ఆయన ఏమి చేసినారో అర్థమైనది. ఆకాశానికి చిత్రంలో తక్కువ చోటు ఇచ్చినారు. గోడకు ఎండ ఎదురుగా కాక ప్రక్కవాటుగా తగిలే సమయాన్ని ఎన్నుకున్నారు. అందుచేత ప్రతి శిల్పం తన నీడతో పైకి లేచి కనబడుతుంది. గుమ్మటమో శిఖరమో తెల్లని ఆకాశం మీద గీచిన నక్షావలె నిలుస్తుంది. పలక చేయలేని పనిని పలక చేత చేయించబోక, అది చేయగల పనిని నిండుగా చేయించినారు.

1880 ల నడిమికి ఆయన ఉద్యోగం వదలి హైదరాబాదు రాజ్యానికి చేరి, సికిందరాబాదులో స్టూడియో తెరచినారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, అటు తరువాత రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చినారు. అప్పటికి తడిపలక పోయి, ముందే తయారుచేసి పెట్టెలో అమ్మే పొడిపలక వచ్చినది. ఎక్స్‌పోజరు సెకనులో స్వల్ప భాగానికి దిగినది. సైన్య విన్యాసాలు, దర్బారులు, వేట, గోలకొండ, కుతుబ్‌షాహీ సమాధులు, ఎల్లోరా గుహలు, అన్నింటికీ ఆయన కెమెరా వెళ్ళినది. 1892 లో పరదా స్త్రీల కొరకు ప్రత్యేకంగా ఒక స్టూడియో పెట్టి దానిని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించినారు. 1896 లో బొంబాయిలోనూ శాఖ వెలసినది. 1902 లో వరంగల్ సీమలోని నెక్కొండ దగ్గర కర్జన్ ప్రభువు దంపతులు చచ్చిన పులి ప్రక్కన నిలిచిన చిత్రం ఆయనదే. పేరు తెచ్చిన చిత్రమే గాని, నాకు ఆయన కోటగోడలే ఎక్కువ ఇష్టం.

నేటి ఫోను కెమెరాకు అన్ని రంగులూ కనబడుతవి, అయినా ఆకాశం తెల్లబడుతున్నది. దాని కారణం వేరు. నల్లరాయి చిత్రంలో అధికభాగం నిండి ఉంటే, యంత్రం దానిని మామూలు వెలుతురుకు తేవడానికి మొత్తాన్నీ ప్రకాశింపజేస్తుంది; అసలే వెలుగుతున్న ఆకాశం హద్దు దాటిపోతుంది. తెర మీద ఆకాశాన్ని వ్రేలితో తాకితే ఎక్స్‌పోజరు తగ్గుతుంది. నీడలో మిగిలిన గుడిని తరువాత కొంత వెలిగించవచ్చును. పూర్తిగా తెల్లబడిన ఆకాశాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. వేసవి మధ్యాహ్నం కంటె ఉదయం ఎనిమిది గంటల లోపలనో, ఒక వాన కురిసి ధూళి అణగిన సాయంకాలమో మేలు. ఫోనులలో హెచ్.డి.ఆర్. అనేది, ఒకే దృశ్యాన్ని ఎక్కువ తక్కువ వెలుతురులతో వెంటవెంటనే తీసి కలిపివేయడమే. లెగ్రే ఉపాయానికి మనుమడనవచ్చును. వేరొకచోటి ఎర్రని మబ్బులను పిల్లలమర్రి గుడి మీద అతికే ఉపాయాలూ ఇప్పుడు ఫోనులలో ఉన్నవి. పోటీలకు వచ్చే చిత్రాలను చూచే ఉపాధ్యాయులు గుడి మీది నీడ ఏ ప్రక్కన ఉన్నదో, మబ్బు మీది వెలుగు ఏ ప్రక్కన ఉన్నదో ఒకసారి గమనిస్తే చాలును.

దీన్‌దయాళ్ 1905 జూలైలో కన్నుమూసినారు. ఎరుపు మొదలు నీలం వరకు అన్ని రంగులనూ గ్రహించే పాంక్రొమాటిక్ పలకలను లండనులో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ అమ్మకానికి పెట్టినది ఆ మరుసటి ఏడు, 1906 లో. వాటికి పసుపు గాజు ఒకటి అడ్డుపెడితే మబ్బులు విడివిడిగా పడేవి. ఆయన పలకలు మాత్రం రెండువేల ఎనిమిది వందలకు పైగా నిలిచినవి. 1989 లో వాటిని ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచినది.