వెదురు ముక్కల మీద అడవి లెక్క

మా కృష్ణా డెల్టాలో పంటకోత ప్రయోగం గురించి తెలియని రైతుబిడ్డ ఉండడు. పొలమంతా కొయ్యరు. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు చెక్క గీసి, అంత మేరే కోసి, నూర్చి, తూస్తారు. అలాంటి కొన్ని చెక్కలను బట్టి దిగుబడి అంచనా కడతారు. ఇటువంటి పనినే టేకు అడవిలో, ఏనుగు మీద కూర్చుని చేసిన మహనీయుడు డీట్రిచ్ బ్రాండిస్.

ఆయన 1824లో జర్మన్ నగరమైన బాన్‌లో పుట్టారు. వృక్షశాస్త్రం బోధిస్తూ, 1856లో బర్మాలోని పెగూ అడవుల బాధ్యత తీసుకున్నారు. కలప వర్తకులు అందిన చెట్టల్లా నరికేస్తున్న రోజులవి. అన్ని చెట్లూ లెక్కపెట్టాలంటే ఒక జీవితం చాలదు. అందుకని కొన్ని దారులు పట్టుకుని, ఆ వెంట కనబడ్డ టేకునే లెక్కించారు. వానలో కాగితం నిలవదు. ఎడమ చేతిలో నాలుగు వెదురు ముక్కలు, కుడి చేతిలో చాకు. చుట్టుకొలతను బట్టి చెట్లు నాలుగు తరగతులు. చెట్టు కనబడగానే దాని తరగతి ముక్క మీద ఒక గాటు! ముదురు చెట్లెన్ని, వాటి వెనక ఎదిగేవెన్ని, ఎదగడానికి ఎన్నేళ్ళు పడుతుంది అన్నది తెలిస్తే, ఏడాదికి ఎన్ని నరకొచ్చో తేలుతుంది.

ఇందులో లోపమూ ఉంది. ఏనుగు నడిచిన చోటే లెక్క. తూము పక్క మడి ఒక్కటే కోస్తే ఊరంతా బాగా పండినట్టే కనబడుతుంది. శివారు రైతు గోడు పట్టదు. అందుకే తర్వాతి శాస్త్రజ్ఞులు లాటరీ వేసినట్టు చెక్కలు ఎంచడం నేర్పారు. శ్రమ ఎక్కువే. వాగైనా కొండైనా అక్కడికే పోవాలి. కాని అంచనాలో ఎంత తప్పు ఉండవచ్చో కూడా చెప్పగలం.

బ్రాండిస్ 1864లో భారత అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల పెట్టించారు. 1882 మద్రాసు అటవీ చట్టం వెనకా ఆయన సలహా ఉంది. మన జిల్లా అప్పుడు మద్రాసు కిందిదే. గ్రామాలకు సొంత అడవులుండాలని ఆయన కోరినా, ఆచరణలో ఆంక్షలే మిగిలాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం తిరగబడడానికి ఆ ఆంక్షలూ ఒక కారణం. చెట్టు లెక్కకొచ్చింది గాని, చెట్టు కింద బతికే మనిషి లెక్కకు రాలేదు.

ఆయన 1907లో బాన్‌లోనే కన్నుమూశారు. మిత్రులారా! అంతా లెక్కపెట్టక్కర్లేదు, నిజమే. కాని ఏది వదిలేశామో మరచిపోతే ఆ లెక్క శాస్త్రం కాదు.