జనవరి 16: నానీ పాల్కీవాలా గారికి జేజేలు

సంక్రాంతి ముగ్గులు వాకిట్లో చెరిగిపోకముందే మా న్యాయవాదులకు ఇంకో పండగ వస్తుంది. 1920 జనవరి 16న బొంబాయిలో ఒక సామాన్య పార్సీ కుటుంబంలో నానీ అర్దేషిర్ పాల్కీవాలా పుట్టారు. ఆదాయపు పన్ను, కంపెనీ వ్యవహారాలు చూసుకుని బతికే మాబోటి వాళ్లకు ఆయన కులగురువు లాంటివారు. 2002 డిసెంబరు 11న కన్నుమూశారు. అయినా జనవరి 16 వస్తే మాకు సంబరమే తప్ప సంతాపం గుర్తుకు రాదు.

కంపెనీల లాయరంటే లోకానికి కాస్త చిన్నచూపు. డబ్బున్నవాళ్ల పనులు చేసిపెట్టే మనిషని అనుకుంటారు. జనం హక్కుల కోసం కోర్టులో కొట్లాడే ప్లీడరు వేరే జాతివాడని ఒక లెక్క. పాల్కీవాలా గారి జీవితం ముందు ఈ లెక్క నిలవదు. మన రాజ్యాంగాన్ని కాపాడిన వాదనల్లో గట్టివి చాలావరకు పన్నుల చట్టంలో సెక్షన్ వెంట సెక్షన్ చదివి పదునెక్కిన బుర్రలోంచి వచ్చాయి. ఈ పుట్టినరోజు నాడు నేను చెప్పదలుచుకున్నది అదే.

చిన్నప్పుడు ఆయనకు నత్తి ఉండేది. పట్టుబట్టి దాన్ని జయించారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం ఎం.ఏ. చదివి లెక్చరర్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే అది ఇంకొకరికి దక్కింది. మిగతా కోర్సుల్లో అప్పటికే సీట్లు నిండిపోవడంతో లా కాలేజీలో చేరారు. ఆ ఉద్యోగం రాకపోవడం దేశం చేసుకున్న అదృష్టం! ఆ తర్వాత సర్ జంషెడ్జీ కాంగా గారి ఛాంబర్స్‌లో జూనియర్. ముప్పయ్యేళ్ల వయసులో, 1950లో, సీనియర్‌తో కలిసి ఆదాయపు పన్ను చట్టం మీద పెద్ద వ్యాఖ్యానం వెలువరించారు. ఎన్నో కూర్పులు దాటిన ఆ పుస్తకాన్ని మేము ఇప్పటికీ ‘కాంగా–పాల్కీవాలా’ అనే పిలుచుకుంటాం. చిక్కు కేసు వస్తే ముందు చేయి వెళ్లేది దాని మీదికే.

1968లో కేంద్ర న్యాయశాఖ మంత్రి గోవింద మీనన్ అటార్నీ జనరల్ పదవి ఇస్తామన్నారు. చాలాసేపు తటపటాయించి పాల్కీవాలా గారు సరేనన్నారు. ఆ రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. ఒప్పుకోవడం సరికాదని మనసు స్పష్టంగా చెప్పింది. పొద్దున్నే మంత్రికి క్షమాపణ చెప్పి, వద్దనేశారు. లేకుంటే ఆ తర్వాతి పెద్ద కేసుల్లో ఆయన ప్రభుత్వం తరఫున నిలబడాల్సి వచ్చేది.

మరుసటి ఏడాదే మొదటిది వచ్చింది. 1969 జులై 19న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి 14 బ్యాంకులను జాతీయం చేసింది. సెంట్రల్ బ్యాంకు వంటి కొన్నిటిలో వాటాలున్న ఆర్.సి. కూపర్ పాల్కీవాలా గారిని లాయరుగా పెట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లారు. ప్రభుత్వం వేసిన అడ్డుపుల్ల కంపెనీ లా చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిందే: కంపెనీ వేరు, వాటాదారు వేరు, ఆస్తి పోయింది బ్యాంకుకు, కూపర్‌కు కాదు, కంపెనీ పౌరుడు కాదు కనుక పౌరుడి హక్కులూ దానికి లేవు. దీన్ని దాటాలంటే కంపెనీ చట్టం లోతుగా తెలిసిన మనిషే కావాలి. కంపెనీకి జరిగిన నష్టంతో పాటు వాటాదారు సొంత హక్కుకూ దెబ్బ తగిలితే అతని మాట వినాల్సిందేనని కోర్టు ఒప్పుకుంది. 1970 ఫిబ్రవరి 10న 11 మంది జడ్జీల్లో 10 మంది జాతీయీకరణ చట్టం చెల్లదన్నారు.

బ్యాంకుల జాతీయీకరణ మీద ఆయన అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించను. పల్లెలకు బ్యాంకు శాఖలు నడిచి వచ్చింది ఆ తర్వాతే. ఎలాగూ కొద్ది రోజుల్లోనే ప్రభుత్వం మళ్లీ ఆర్డినెన్సు తెచ్చి తన పని కానిచ్చుకుంది. కానీ ఆ తీర్పులో ఒక సూత్రం మిగిలిపోయింది. ప్రభుత్వం ఏ ఉద్దేశంతో చట్టం చేసిందన్నది పక్కన పెట్టి, దాని దెబ్బ మనిషి హక్కు మీద ఎలా పడిందో చూడాలన్నదే ఆ సూత్రం. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో వ్యక్తి స్వేచ్ఛకు సుప్రీంకోర్టు విశాలమైన అర్థం చెప్పినప్పుడు ఈ సూత్రం మీదే నిలబడింది. వాటాల కాగితాలు పట్టుకుని వచ్చిన ఒక మదుపరి కేసు చివరికి జైల్లో ఉన్న పేదవాడికి కూడా ఆసరా అయ్యింది. నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే.

ఆ తర్వాత పాల్కీవాలా గారు వాదించిన కేశవానంద భారతి కేసు సంగతి అందరికీ తెలిసిందే. 13 మంది జడ్జీలు, 68 రోజుల వాదనలు, 1973 ఏప్రిల్ 24న 7–6తో తీర్పు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదని తేలింది. ఆ ఏడుగురిలో మన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి గారు ఉన్నారు. అంతకు ముందు 1967లో గోలక్‌నాథ్ తీర్పుతో ఈ దారి తెరిచిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు కూడా తెలుగువారే.

అంతకంటే గుండె ధైర్యం కావలసిన రోజులు 1975లో వచ్చాయి. ఇందిరా గాంధీ ఎన్నిక కేసులో ఆమె తరఫున సుప్రీంకోర్టులో స్టే కోసం వాదించింది పాల్కీవాలా గారే. ఎమర్జెన్సీ ప్రకటించగానే ఆ కేసు వదులుకున్నారు. నవంబరులో కేశవానంద తీర్పును తిరగదోడడానికి మళ్లీ 13 మందితో బెంచి కూర్చుంది. పత్రికల నోరు కట్టేసిన కాలం. ఆయన లేచి నిలబడి, అసలు దీన్ని ఎవరు అడిగారని నిలదీశారు. చూస్తే పునస్సమీక్ష పిటిషన్ అంటూ ఏదీ లేదు! రెండు రోజుల వాదన విన్నాక మూడో రోజు ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే బెంచిని రద్దు చేశారు. ఆ రెండు రోజుల వాగ్ధాటికి సాటి లేదని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా తర్వాత మెచ్చుకున్నారు. 1980లో రాజ్యాంగ 42వ సవరణ కోరలు పీకిన కేసు కూడా ఒక కంపెనీదే. బెంగుళూరులోని మినర్వా మిల్స్ అనే బట్టల మిల్లు కోసం ఆయన నిలబడ్డారు.

ఇక బడ్జెట్ ప్రసంగాలు. 1958లో బొంబాయిలో ఒక హోటలు హాల్లో చిన్నగా మొదలై, జనం పట్టక బ్రాబోర్న్ స్టేడియానికి చేరాయి. చేతిలో కాగితం లేకుండా అంకెలన్నీ నోటికి చెబుతుంటే గుమాస్తాలు, గృహిణులు, వ్యాపారులు వేలాదిగా కూర్చుని వినేవారు. పన్నుల గురించి వినడానికి క్రికెట్ స్టేడియం నిండడం ఇంకెక్కడైనా జరిగిందా! 1994 దాకా ఆ ముచ్చట సాగింది.

అమెరికాలో మన రాయబారిగా రెండేళ్లు పనిచేశారు. 1998లో పద్మవిభూషణ్ వచ్చింది. టాటా గ్రూపులో ఏసీసీకీ, టీసీఎస్‌కూ ఛైర్మన్‌గా ఉన్నారు. మన గచ్చిబౌలిలో, ఆదిభట్లలో మెడలో టీసీఎస్ కార్డు వేసుకుని తిరిగే పిల్లలకు ఆయన పేరు తెలియకపోవచ్చు. వాళ్ల కంపెనీ తొలినాళ్లలో పెద్దదిక్కుగా ఉన్నది ఆయనే. కాబట్టి ఈ పండగలో వాళ్లకూ వాటా ఉంది. మా జూనియర్లకు మాత్రం నాది ఒకటే కోరిక. ఈ జనవరి 16న కేకు కోయడానికి ముందు, బార్ లైబ్రరీలో కూపర్ కేసు తీర్పు తీసి, వాటాదారు హక్కు గురించి జస్టిస్ షా రాసిన భాగం ఒకరు పైకి చదవండి, మిగతావాళ్లం వింటాం. పాల్కీవాలా గారికి జన్మదిన జేజేలు!