ఖాన్ బహదూర్ ఖాజీ అజీజుల్ హక్

మన ఉద్దానం వైపు చదువురాని వాణ్ణి వేలిముద్రగాడని తేలిగ్గా అనేస్తారు. ఆ వేలిముద్రనే లెక్కల్లో బిగించి పోలీసుల చేతికిచ్చిన ఒక ముస్లిం విద్యావంతుని జీవితాన్ని ఈ సంచికలో పాఠకులకు మనవి చేస్తున్నాము.

ఖాజీ అజీజుల్ హక్ సాహెబ్ 1872లో, నేటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతంలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పడవ ప్రమాదంలో పోయారు. డొంకూరు తీరంవాళ్ళకు ఆ దుఃఖం వేరే చెప్పనక్కరలేదు. కలకత్తా చేరి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. లెక్కల్లో ఆయన ప్రజ్ఞ విని, బెంగాల్ పోలీసు ఉన్నతాధికారి ఎడ్వర్డ్ హెన్రీ సబ్ ఇన్‌స్పెక్టరుగా తీసుకున్నారు.

అప్పట్లో పాత నేరస్థులను గుర్తుపట్టడానికి ఒళ్ళు కొలిచేవారు. కొలిచే మనిషిని బట్టి కొలత మారేది. వేలిముద్ర మారదు, కాని వేల చీటీల్లో కావలసినది వెతకడమెలా? హక్ సాహెబ్ పది వేళ్ళను ఐదు జతలు చేసి, సుడి ఉన్న వేలికి జతను బట్టి 16, 8, 4, 2, 1 అని విలువ కట్టారు. ఆ మొత్తాలను బట్టి చీటీలన్నీ 1,024 అరల్లో సర్దుకున్నాయి. సహోద్యోగి హేమచంద్ర బోస్ ఈ పనిని ఇంకా పెంచారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. 1901లో స్కాట్లండ్ యార్డు ఈ పద్ధతినే చేపట్టింది. పేరు మాత్రం హెన్రీ పద్ధతి అయింది!

జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. వంటవాణ్ణి, కూలీలను, ఆ చుట్టుపక్కల తిరిగే కాబూలీలను అనుమానించారు. చివరకు ఒక పంచాంగం మీది నెత్తుటి ముద్ర, పాత నౌకరు కంగాలీ చరణ్ బొటనవేలితో సరిపోయింది. అనుమానితులు బయటపడ్డారు. చరణ్‌కు మాత్రం దొంగతనానికే శిక్ష పడింది. చంపడం చూసినవాడు లేడని హత్యానేరం కొట్టేశారు. ముద్ర మనిషి అక్కడికి వచ్చాడని చెబుతుంది, మిగతాది పోలీసులు రుజువు చేయాలి.

హక్ సాహెబ్‌కు గుర్తింపు ఆలస్యంగానైనా వచ్చింది. 1924లో ఖాన్ బహదూర్ బిరుదు, తర్వాత 5,000 రూపాయల బహుమానం అందాయి. 1935లో బీహారులోని మోతీహారీలో కన్నుమూశారు.

2022లో దేశంలోని నేరస్థుల వేలిముద్రలను కంప్యూటరులో కలిపే ఏర్పాటు మొదలైంది. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం, ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో నిపుణులు స్థలానికి రావాలంటోంది. వల, సైకిలు పోయిన మామూలు దొంగతనానికి ఆ నిబంధన లేదు. ఇల్లు దోచుకుంటే మనం చేసేదేమిటి? ఇరుగుపొరుగంతా జొరబడి పెట్టెలు, తలుపులు తడిమేస్తాం. క్లూస్ టీం వచ్చేసరికి దొంగ ముద్ర మీద పది మంది ముద్రలు! పోలీసులు చేతికి దొరికినవాణ్ణి పట్టుకుంటే అప్పుడు ఏడ్చి లాభమేమి? కనుక ఇల్లు తాకకుండా కబురు చేయండి, ముద్రలు తీయమని గట్టిగా అడగండి. పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, లెక్కలు మాన్పించకండి.

అల్లాహ్ మర్హూమ్ అజీజుల్ హక్ సాహెబ్‌కు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.