ఉక్కు కడ్డీ పలికించిన నాదము – జోసెఫ్ కెకూకు

మన వైణికులు ఎడమచేతి వ్రేళ్లతో తంత్రిని లాగి గమకము పలికింతురు. గోటువాద్యము వాయించువారు మెట్లు లేని దండిపై నున్నని కొయ్యముక్కను జరుపుచు ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు తెగకుండ సాగుదురు. అట్టి జారుడు నాదమునే పసిఫిక్ మహాసముద్ర మధ్యమున ఉన్న హవాయి ద్వీపములలో ఒక పాఠశాల విద్యార్థి గిటారునుండి రాబట్టెను. అతడే జోసెఫ్ కెకూకు. స్టీలు గిటారు అను వాద్యమునకు అతడు మూలపురుషుడుగ పరిగణింపబడుచున్నాడు. ఆ వాద్యపు తొలినాటి నమూనాలను అభిమానులు దేశదేశముల వెదకి కొని పదిలపరచుకొనుచున్నారు. వాని కన్నింటికి కారకుడైనవాని జీవితము మాత్రము చాలమందికి తెలియదు.

కెకూకు 1874 లో ఓవాహూ ద్వీపమందలి లాయియె అను పల్లెలో జన్మించెను. ఆనాటికి హవాయి అమెరికాలో చేరలేదు. సొంత రాజు గల స్వతంత్ర రాజ్యము. ఆ సంవత్సరమే సింహాసనమెక్కిన కలాకౌవా ప్రభువు సంగీతప్రియుడు. క్రైస్తవ మతప్రచారకుల నిరసనకు గురియై మరుగుపడిన హులా నృత్యమును అతడు మరల సభలకు రప్పించెను. అతని సోదరి లిలియువోకలాని స్వయముగ పాటలు కట్టిన విదుషి.

గిటారు ఆ దీవులలో పుట్టినది కాదు. 1830 ప్రాంతమున, పశువుల మందలను అదుపుచేయు విద్య నేర్పుటకై మెక్సికోనుండి పశుపాలకులను రప్పించినపుడు వారి వెంట వచ్చినదని చెప్పుదురు. హవాయి జనులు దానిని తమదిగ చేసికొనిరి. తంత్రులను కొంత వదులుచేసి, వ్రేలితో ఎక్కడను నొక్కకుండ మీటినను స్వరములన్నియు ఒకదానితో ఒకటి పొసగి మ్రోగునట్లు శ్రుతిచేసికొనిరి. అట్లు శ్రుతిచేసిన తంత్రులకు అడ్డముగ ఒక కడ్డీని ఉంచి జరిపినచో, ఆ స్వరసమూహమంతయు చెదరకుండ పైకిని క్రిందికిని జారును. కెకూకు సాధించినదానికి ఈ శ్రుతియే పునాది.

హవాయి రాజవంశీయురాలగు బెర్నిస్ పవాహి తన ఆస్తిని స్వదేశపు బిడ్డల చదువునకై మరణశాసనమున వ్రాసి 1884 లో కన్నుమూసెను. ఆ ధనముతో 1887 లో హోనలూలూ నగరమున కమేహమేహా బాలుర పాఠశాల వెలసెను. అక్కడ పుస్తకముల చదువుతోపాటు చేతిపనులును నేర్పుచుండిరి. కెకూకు తన బంధువగు శామ్ నైనోవాతో కూడి అందు విద్యార్థిగ చేరెను. 1889 లో, పదునైదేండ్ల ప్రాయమున, అతడు గిటారు మీటుచు రైలు పట్టాల వెంట నడచుచుండగ ఒక బోల్టు కనబడెననియు, దానిని తీసి తంత్రులపై రాయగ విచిత్రమైన నాదము పుట్టెననియు కథ. దువ్వెనతోననియు, చాకు వీపుతోననియు చెప్పువారును కలరు. వస్తువు ఏదైనను, ఆ మ్రోత విని నవ్వి ఊరకుండక ఆ బాలుడు దాని వెంటబడెను.

గిటారు తంత్రులు మెట్లకు మిక్కిలి దగ్గరగ ఉండును. బరువైన ఉక్కు మోపినంతనే అవి క్రుంగి, కడ్డీ మెట్లకు తగిలి గరగరలాడును. కెకూకు మేరువువద్ద తంత్రులను పైకెత్తి ఈ లోపమును తొలగించెను. ప్రేగుతో చేసిన తంత్రులను తీసివేసి లోహపు తంతులను బిగించెను. వాద్యమును రొమ్మునకు ఆనించుటకు మారుగ తొడలపై వెల్లకిల పరుండబెట్టెను. గరుకు బోల్టునకు బదులు పాఠశాల పనిశాలలోనే నున్నని ఉక్కు కడ్డీని తయారుచేసికొనెను.

ఈ మార్పులతో గిటారు మెట్లు స్థానమును చూపు గీతలుగ మాత్రమే మిగిలినవి. శ్రుతి భారమంతయు చెవిమీదను చేతిమీదను పడెను. కడ్డీ వెండ్రుకవాసి తప్పినను అపస్వరమే. ఈ విద్య స్వాధీనమగుటకు అతనికి ఏడేండ్లు పట్టినదని ప్రతీతి. నేర్చినదానిని అతడు దాచుకొనలేదు. తోడి విద్యార్థులు చూచి నేర్చిరి; సెలవులకు ఇండ్లకు పోయి తమ వారికి నేర్పిరి. అనతికాలములోనే ఈ వాదనపద్ధతి ద్వీపములన్నిట వ్యాపించెను.

ఈ ఆవిష్కరణ విషయమున వివాదము లేకపోలేదు. గాబ్రియేల్ డేవియన్ అనునతడు అంతకుముందే తంత్రులపై కడ్డీ జరిపి వాయించెనని కొందరి వాదము. అతడు భారతదేశమున పుట్టి, చిన్నతనమున ఒక నౌకాధికారి చేజిక్కి హవాయి చేరెనని జనశ్రుతి. జేమ్స్ హోవా అను వేరొకని పేరును చెప్పుదురు. మన దేశమున ఏకతంత్రి వీణను శతాబ్దములకు పూర్వమే ఇట్లు వాయించిరని సంగీతశాస్త్ర గ్రంథములు తెలుపుచున్నవి. కావున తంత్రిపై గట్టి వస్తువును జరుపుట ఒక్కని సొత్తు అనుట కుదరదు. గిటారును అందుకు తగినట్లు మార్చి, సాధనచేసి, పదిమందికి నేర్పి, దానిని ఒక సంప్రదాయముగ నిలిపినవాడు కెకూకు. అతని కీర్తికి అంతమాత్రము చాలును.

ఆ సాధన సాగుచున్న కాలముననే అతని దేశము చేజారిపోయెను. 1893 లో అమెరికా వర్తకులును తోటల యజమానులును కూడి లిలియువోకలాని రాణిని పదవీచ్యుతురాలిని చేసిరి. 1896 లో పాఠశాలలందు ఇంగ్లీషే బోధనభాషగ శాసనమయ్యెను. 1898 లో హవాయి అమెరికాలో కలిపివేయబడెను. మాతృభాష బడిలో వినబడక పోవుచున్న రోజులలో, బడిలో పుట్టిన ఆ నాదము మాత్రము సముద్రము దాటుటకు సిద్ధమయ్యెను.

1904 లో కెకూకు ద్వీపములను విడిచి అమెరికా ప్రధానభూమి చేరెను. వినోదశాలలలో వాయించెను, ఊరూర శిష్యులకు పాఠములు చెప్పెను. 1912 లో న్యూయార్కున ప్రదర్శితమైన బర్డ్ ఆఫ్ పారడైజ్ అను నాటకము హవాయి సంగీతమును నాగరికుల వాడుకలోనికి తెచ్చెను. 1915 లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన మహాప్రదర్శనశాలలో హవాయి మంటపమునకు జనము విరగబడెను. గ్రామఫోను రికార్డులు విశేషముగ అమ్ముడుపోయెను. ఆ నాటకములును రికార్డులును చూపిన హవాయి వేరు. వెన్నెలయు కొబ్బరిచెట్లును తప్ప కష్టమెరుగని స్వప్నలోకము. రాజ్యము కోల్పోయిన జాతి బిడ్డలు ఆ స్వప్నమునకు పక్కవాద్యము వాయించి పొట్టపోసికొనవలసివచ్చెను.

1919 లో కెకూకు ఆ నాటకబృందముతో ఐరోపాకు పోయి, ఎనిమిదేండ్లు అక్కడి దేశములు తిరిగెను. మరలివచ్చి షికాగో నగరమున సంగీతబోధకుడుగ స్థిరపడెను. తుదకు న్యూజెర్సీ రాష్ట్రమందలి డోవర్ పట్టణమునకు మారి అక్కడను శిష్యులకు నేర్పుచు, 1932 జనవరి 16 న, ఏబదియేడేండ్ల వయస్సున మరణించెను. పుట్టిన పల్లెకు వేలమైళ్ల దూరమున డోవర్ శ్మశానవాటికలో అతనిని ఖననము చేసిరి.

అతడు చేసిన మార్పు వాద్యనిర్మాతలకు కొత్త దారి చూపెను. మొదట సాధారణ గిటారునకే మేరువుపై ఎత్తైన లోహపు ముక్క తొడిగి వాడుకొనిరి. తరువాత లాస్ ఏంజెలెస్ నగరమున హెర్మన్ వైసెన్‌బార్న్, ఒడిలో వాయించుటకే తగినట్లు, దండి సైతము డొల్లగ ఉండునట్లు గిటారులు చేసెను. వానికి హవాయిలోనే సహజముగ పెరుగు కోఆ అను వృక్షపు చెక్కను వాడెను. 1927 లో నేషనల్ సంస్థవారు జాన్ డోపియెరా కల్పించిన లోహపు గిటారును విక్రయమునకు తెచ్చిరి. దాని కడుపులో మూడు పలుచని అల్యూమినియము శంకువులు కంపించి నాదమును పెంచును. ఒడిలో వాయించువానికి చదరపు దండి, రొమ్మున ఆనించి వాయించువానికి గుండ్రని దండి ఉండుట వీనియందలి గుర్తు.

కెకూకు మరణించిన 1932 లోనే జార్జి బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు విద్యుత్తుతో పలుకు స్టీలు గిటారును విక్రయమునకు తెచ్చిరి. గుండ్రని చిన్న కడుపును పొడవైన దండియు చూచి జనులు దానిని వేపుడు పెనము అనిరి. అది ఏకముగ అల్యూమినియముతో పోతపోసినది. రంగస్థలపు దీపముల వేడికి వ్యాకోచించి శ్రుతి తప్పుచుండెడిది. అయినను వ్యాపారమునకు వచ్చిన తొలి విద్యుత్ గిటారు అదియే. ఆ యంత్రమునకు బోషాంపునకు 1937 లో పేటెంటు లభించెను.

నేడు పాత స్టీలు గిటారులను సేకరించువారికి ఈ మూడు రకములును అపురూపములు. లోహపు తంతుల లాగుడునకు పైచెక్క ఉబ్బినదా, గుర్రము లేచినదా, చదరపు దండిని ఎవరైన చెక్కి మార్చినారా అని వారు పరీక్షింతురు. చెదరని వైసెన్‌బార్న్ గిటారు దొరకినచో నిధి దొరకినట్లు సంతోషింతురు. కేవలము గాజుబీరువాలో నిలుపుటకు కొనువారు కొందరు. కడ్డీ చేతబట్టి వాయించుటకు కొనువారు మరికొందరు. ఈ రెండవ తెగవారు చేయుచున్న పని కెకూకు పాఠశాలలో చేసిన పనియే.

ఆ నాదము మన దేశమునకును వచ్చెను. టావ్ మోవె అను పసిఫిక్ వాదకుడు 1940 ల కాలమున కలకత్తాలో కుటుంబముతో నివసించి, కచేరీలు చేసి, విద్యను నేర్పెను. బ్రిజ్ భూషణ్ కాబ్రా ఆ వాద్యముపై హిందూస్థానీ రాగములను పలికించెను. విశ్వమోహన్ భట్ దానికి తరబ్ తంతులు చేర్చి మోహనవీణ అని పేరిడి, 1994 లో గ్రామీ బహుమానము నందెను.

1993 లో స్టీలు గిటారు విద్వాంసుల గౌరవశ్రేణిలో కెకూకు పేరు చేరెను. 2015 లో అతని స్వగ్రామమగు లాయియెలో విగ్రహము ప్రతిష్ఠింపబడెను. పదునైదేండ్ల బాలుడు తొలిసారి తంత్రులపై ఉక్కును జరిపిన నాటినుండి అప్పటికి నూట ఇరువదియారు సంవత్సరములు గడచినవి.