చదరంగం గళ్ళలో పావులూరి మల్లన లెక్క

గోదావరి తీరంలో పాతకాలపు కవి అనగానే మనకు నన్నయ గుర్తుకొస్తాడు. లెక్కలను తెలుగు పద్యాలలో చెప్పిన పావులూరి మల్లన మాత్రం అంతగా గుర్తుకురాడు.

అమలాపురం, రాజోలు, కొత్తపేటలకు ఎగువన ఉన్న రాజమహేంద్రవరాన్ని 1022 నుంచి 1061 వరకు రాజరాజనరేంద్రుడు పాలించాడు. మల్లన ఆ కాలంవాడని, పిఠాపురం దగ్గరి నవఖండవాడను రాజు నుంచి అగ్రహారంగా పొందాడని సాహిత్య చరిత్రలు చెబుతున్నాయి. మనుమడి పేరూ మల్లనే కావడంతో గ్రంథకర్త ఎవరన్న విషయంలో పండితులలో భేదాభిప్రాయం ఉంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసిన ఘనత మాత్రం ఆ పేరుకే దక్కింది.

మల్లన పేరుతో ప్రసిద్ధమైన పద్యం ఒకటి చదరంగం లెక్కను చెబుతుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున 64 గళ్ళూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు కావాలి. ప్రపంచమంతా వందల ఏళ్ళు పండించినా అన్ని వడ్లు రావు. ఈ 20 అంకెలనూ ఆయన మాటలలో ఇమిడ్చాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, మన్మథుని బాణాలంటే అయిదు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి, మనం ఉర్దూ రాసినట్టే, కుడి నుంచి ఎడమకు అంకెలు వేసుకోవాలి.

ఇదే లెక్కను 1000 ప్రాంతంలో అల్ బీరూనీ ఆసారుల్ బాఖియా అనే గ్రంథంలో అరబ్బీలో చెప్పాడు. 16ను 16తో గుణిస్తే 256. దాన్ని దానితోనే గుణిస్తే 65,536. ఇలాగే మరి రెండుసార్లు చేసి ఒకటి తీసేస్తే అదే జవాబు వస్తుంది. భాష వేరు, మతం వేరు, దేశం వేరు. ఒక్క అంకె కూడా తేడా లేదు.

పద్యంలో ఒక్క మాట తప్పినా లెక్కంతా పోతుంది. సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది, కాబట్టి ఈ సంఖ్యను 3 నిశ్శేషంగా భాగిస్తుంది. చివర 5 ఉంది, కాబట్టి 5 కూడా భాగిస్తుంది. 17, 257, 65,537 కూడా దీని భాజకాలే. ఇందులో దాగిన 641ని 1732లో ఆయిలర్ బయటపెట్టాడు. దాని జంట 67,00,417.

సెలవు రోజున పిల్లలకు కాగితం, పెన్సిలు ఇచ్చి ఈ గుణకారం చేయించి చూద్దాం. జవాబు సరిపోయినప్పుడు బీరూనీ ఎంత మనవాడో, మల్లన కూడా అంతే మనవాడని వాళ్ళకే తెలుస్తుంది.